బస్సు మింగిన ముక్కుపొడి డబ్బా

పుస్తకంలో రాసి ఉందంటే అది జరిగి తీరుతుందని నేను నమ్మిన వయసొకటి ఉండేది. మోటారు బస్సులు కొత్తగా వచ్చిన కాలం, నాకు ఇరవై ఏళ్ళు. గుడియాత్తం నుంచి వేలూరికి మా మామ తిప్పే ఒకే ఒక్క బస్సుకు డ్రైవర్నీ నేనే, రిపేరు చేసేవాణ్ణీ నేనే. వేలూరులో బస్సు ఆగిన రెండు గంటలూ లైబ్రరీలో కూర్చుని, పక్కన నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషు మోటారు పుస్తకం చదివేవాణ్ణి. (బడి నన్ను ఐదో తరగతిలో వదిలేసింది గానీ నేను చదువును వదల్లేదు. ఈ మాట రోజుకు రెండుసార్లయినా ఎవరికో ఒకరికి చెప్పేవాణ్ణి.) మా బస్సుకొక జబ్బు ఉండేది. మిట్ట ఎక్కేటప్పుడు ఇంజన్ లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు టకటకలాడేది. పెట్రోలులో సారాలాంటి స్పిరిట్ కలిపితే ఆ చప్పుడు పోతుందని ఒకరోజు పుస్తకంలో కనబడింది. మామకు చెబితే ముక్కుపొడి ఒక పట్టు పీల్చి, "లుంగీ మూటలు పొద్దున్నే సంతకు చేరాల. దోవలో బండి నిలబడిందంటే వేరే డ్రైవర్ని పెట్టుకుంటా. నువ్వు పోయి బీడీలు చుట్టుకో నాయనా" అన్నాడు. ఒప్పుకున్నాడని నేను అర్థం చేసుకున్నాను.

బీరువాలకు మెరుగు పెట్టే పాలిష్ తాత దగ్గర స్పిరిట్ దొరికింది. నేను వెళ్ళేసరికి ఆయన లక్కను అదే స్పిరిట్‌లో వేసి కరిగిస్తున్నాడు. అది కరిగే తీరును కాసేపు ముచ్చటగా చూశాను కూడా. నాలుగు పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు స్పిరిట్ కలిపి, సంతరోజు తెల్లవారగానే మామనూ లుంగీ మూటలనూ ఎక్కించుకుని బయలుదేరాను. పుస్తకం అబద్ధం చెప్పలేదు. బస్సు కిక్కురుమనకుండా మిట్ట ఎక్కింది. నేను గర్వంగా వెనక్కి చూసేసరికి ఒక అవ్వ కొంగుతో ముక్కు మూసుకుని ఉంది. "ఈ వాసన యాడ్నించి వస్తా ఉండాది? తాగింది బండా, బండి తోలేవాడా?" అంది. బస్సంతా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే, పళ్ళికొండ దాటగానే, ఇంజన్ రెండుసార్లు దగ్గి నిలబడిపోయింది.

మూత ఎత్తితే, ఇంజన్‌కు పెట్రోలు అందించే కార్బురేటర్ పొంగి కారుతోంది. (బీడీలు వెలిగించబోయిన వాళ్ళందర్నీ ముందు దూరంగా తరిమాను.) కార్బురేటర్‌లో ఒక బెండు ముక్క తేలుతూ ఉంటుంది, అది పైకి తేలితేనే పెట్రోలు వచ్చే దారి మూసుకుంటుంది. మా బెండు పాలలో నానిన రొట్టెలా అడుక్కి చేరింది. దానిమీది లక్క పూతను స్పిరిట్ కరిగించేసింది. బెండుకు లక్క పూస్తారని పుస్తకంలో చదివాను, స్పిరిట్‌లో లక్క కరగడం కళ్ళారా చూశాను. ఆ రెండింటినీ ఒకచోట పెట్టి ఆలోచించమని మాత్రం ఏ పేజీలోనూ రాసి లేదు.

మామ దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నడుముకు దోపుకున్న ముక్కుపొడి డబ్బా తీశాడు. గుండ్రటి చిన్న ఇత్తడి డబ్బా, రేకు పలచన. నా చూపు దానిమీదే ఆగిపోయింది.

"మామా, ఆ డబ్బా ఇట్లియ్యి."

"ఇప్పుడు పొడి కావాల్నా నీకు?"

"పొడి వద్దు. డబ్బానే కావాల."

పొడిని ఆయన తువ్వాలు కొసలో మూటకట్టి, డబ్బాతో పళ్ళికొండ బజారుకు వెనక్కి పరుగెత్తాను. పాత్రలకు మాట్లు వేసే ఆయన్ని బతిమాలి, మూతను చుట్టూ అతికించి, పైన కొక్కెం పెట్టించుకుని వచ్చాను. కార్బురేటర్‌లో బెండు ఉండే చోట తగిలిస్తే డబ్బా తేలింది. ఇంజన్ పలికింది. సంత పలచబడకముందే మూటలన్నీ దిగాయి.

వేలూరులో మామ చెయ్యి అలవాటుగా నడుము దగ్గరికి పోయి, ఖాళీగా వెనక్కి వచ్చింది. "ఆ పుస్తకం చదివేది ఇంక నిలిపేస్తావా?" అని అడిగాడు.

"లేదు మామా. మిగిలిన పేజీలు కూడా చదవతా."

"అట్లయితే రెండు డబ్బాలు కొనిపెట్టుకోవాల నేను" అన్నాడు.

తర్వాత ఏళ్ళ తరబడి ఆ బస్సు స్పిరిట్ కలిపిన పెట్రోలుతోనే మిట్టలెక్కింది. పాత ఇనుముకు పోయే రోజున డబ్బాను ఊడదీసి ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు అది నా పుస్తకాల పక్కనే ఉంటుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే, తొందరలో దులపకుండా వదిలేసిన మామ ముక్కుపొడి లోపల సన్నగా కదులుతుంది. విప్పి చూడాలని ఒకటి రెండుసార్లు అనిపించింది. ఎలా విప్పాలో మాత్రం ఏ పుస్తకంలోనూ వెతకలేదు.