అద్దం మేస్త్రి గచ్చు మీద దొర నడక

ఆ వీధిలో అందరికీ అతను అద్దం మేస్త్రి. అద్దాలతో అతనికి పనేమీ లేదు, ఇళ్లలో రాతి గచ్చులకు మెరుగు పెడతాడు. ముప్పై ఏళ్ల పైమాటే ఆ పని పట్టి. గరుకు రాయితో మొదలుపెట్టి, ఒకదాన్ని మించి ఒకటి నున్నగా ఉండే ఏడు రాళ్లు మార్చి, నీళ్లు పోస్తూ, పాలలాంటి బురదను పక్కకి నెడుతూ మిషను తిప్పుతాడు. ఆఖర్న ఉన్ని గుడ్డతో రుద్ది, గచ్చు మీద న్యూస్ పేపరు నిలబెట్టి వంగి చూస్తాడు. లోపల కనిపించే అక్షరం చెదరకపోతే పని అయినట్టు. చెదిరితే మళ్లీ నాలుగో రాయి దగ్గర్నుంచి మొదలు. పనిలో అంత నిజాయితీ ఉన్న మనిషి ఆ చుట్టుపక్కల లేడు. ఆ ఒక్కటీ ఒప్పుకోవాలి, మిగతావి తర్వాత.

అతని ఇల్లు రెండు గదులు, ఒక వంటిల్లు. పైకప్పు కారుతుంది. తలుపు ఎత్తి మూస్తే గానీ గడియ పడదు. ముందుగది గచ్చు మాత్రం చూసి తీరాల్సిందే. కొత్త గిరాకీ ఎవరొచ్చినా అతను కబుర్లు చెప్పడు, ధర చెప్పడు, నేరుగా ఇంటికి తీసుకొచ్చి ఆ గది మధ్యలో నిలబెడతాడు. "కిందకి చూడండి" అంటాడు. వాళ్లు చూస్తారు, వాళ్ల ముఖం వాళ్లకి కనిపిస్తుంది, బేరం కుదురుతుంది. ఆ గదిలో కుర్చీ ఈడవకూడదు, బిందె దించకూడదు, తడిగుడ్డ పడెయ్యకూడదు. ఆ ఇంట్లో గచ్చుకున్న మర్యాద ఇల్లాలికి లేదని వీధంతా అనుకునేది. ఇల్లాలు కూడా ఆ మాటే అనేది, కాకపోతే నవ్వుతూ.

పిల్లలు లేరు. ఎందుకు లేరన్నదానికి వీధిలో ఇంటికో కారణం ఉండేది. ఉన్నదల్లా దొర. అది కుక్క పేరు. నడుము ఎత్తు, నలభై అయిదు కిలోల బరువు, గోధుమ రంగు ఒళ్లు, నల్లటి మూతి. ఎవరి మీదా మొరిగేది కాదు, అలా చూసేది, చూపుకే దారి ఇచ్చేవాళ్లు. సాయంత్రం మేస్త్రి ట్రాలీ ఆటో మలుపు తిరిగిన చప్పుడు వింటే చాలు, దొరతనమంతా మరిచిపోయి కుక్కపిల్లలా ఎదురు పరిగెత్తేది.

ఆ పరుగే దాని కొంప ముంచింది. ఒకరోజు మేస్త్రి మిషను ఎక్కించిన బండిని వెనక్కి నడుపుతూ అద్దంలో చూడలేదు. దొర ఎడమ వెనక కాలు చక్రం కింద నలిగింది. ఎవరడిగినా అతను చెప్పింది ఒకటే మాట: "అదే అడ్డం వచ్చింది."

పశువుల డాక్టరమ్మ తొడ దాకా కాలు తీసేసింది. అయిదో రోజు ఇంటికి పంపిస్తూ అడిగింది.

"మీ ఇంట్లో నేల ఎలాంటిది?"

ఆ ప్రశ్న కోసమే పుట్టినట్టు మేస్త్రి ఛాతీ విరిచాడు. "మీరొచ్చి చూడాలమ్మా. అందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు."

"అయితే దాన్ని పూర్తిగా కప్పేయండి."

మేస్త్రి ముఖం మాడిపోయింది. డాక్టరమ్మ అది చూడకుండా మందులు రాస్తూ పోయింది. "గోనెసంచులో పాత కంబళ్లో, ఏవైనా సరే, అది నడిచే దారంతా పరచండి. పొట్ట కింద తువ్వాలు వేసి ఎత్తి పట్టుకుని, పూటకి అయిదు నిమిషాలు నడిపించండి. గోళ్లు కత్తిరించండి. ఒళ్లు పెరగనివ్వకండి. వెనక బరువంతా ఇప్పుడు ఒక్క కాలే మోయాలి. అది పక్కకి జారితే మోకాలి లిగమెంటు తెగుతుంది. అదీ పోతే ఇంత పెద్ద కుక్కకి నేను చెయ్యగలిగింది ఇక నొప్పి తెలియకుండా ప్రాణం తీసే ఇంజెక్షనే. కుట్లు విప్పడానికి వారంలో ఓసారి, మళ్లీ నెల తర్వాత తీసుకురండి. ఆ మూడు కాళ్ల మీద నిలబడితే బతుకుతుంది."

బండిలో వస్తూ అతను పెళ్లానికి పాఠం చెప్పాడు. "ఆవిడకి కుక్కలు తెలుసు, రాళ్లు తెలియవు. జారేది రాయి కాదే, రాయి మీద మురికి. నూనె చుక్కో, దుమ్మో ఉంటే జారుతుంది. శుభ్రంగా ఉన్న గచ్చు మీద పసిపిల్ల కూడా పడదు. ముప్పై ఏళ్లుగా తడి గచ్చుల మీద తిరుగుతున్నాను, ఏనాడైనా పడ్డానా?"

ఆమె వెనక్కి తిరిగి, ట్రాలీలో పడుకున్న దొరను చూసింది. "మీకు రెండు కాళ్లూ ఉన్నాయిగా" అంది.

"నోరెక్కువైంది నీకు."

అతని చేతనైన సేవంతా అతను చేశాడు, లేదనలేం. గోళ్లు తనే కత్తిరించాడు, పాదాల మధ్య వెంట్రుకలు కత్తెరతో తీశాడు, వేళకి మాత్రలు మింగించాడు. గచ్చును మాత్రం రోజూ పొద్దున్నా సాయంత్రం ఉన్ని గుడ్డతో రుద్దాడు, మురికన్నది లేకుండా. దొర రోజురోజుకీ ఎక్కువ జారింది. లేవబోయేది, ఉన్న ఒక్క వెనక కాలూ పక్కకి పాకిపోయేది, కూలబడేది. కూలబడి, అతని ముఖంలోకి చూసి, తోక ఒక్కసారి నేలకేసి కొట్టేది, తప్పంతా తనదే అన్నట్టు.

ఆమె మొదటి రోజే కిరాణా కొట్టు నుంచి నాలుగు గోనెసంచులు తెచ్చి పరిచింది. ఆ సాయంత్రమే మేస్త్రి వాటిని కాలితో తన్నుకుంటూ వీధిలోకి పారేశాడు. ఒకదాని కింద నీటి చెమ్మ ఉండి, తెల్ల రాయి మీద చెయ్యంత పసుపు మరక పడింది. "తడి గోనె రాయికి విషమే! నీకెన్నిసార్లు చెప్పాలి?" అని ఆ రాత్రి అన్నం తినకుండా కూర్చుని, ఆ మరకని రాయితో అరగదీశాడు. ఆ చప్పుడుకి దొర చెవులు మడిచి గోడకి అతుక్కుంది.

ఆమె వీధిలోంచి సంచులు ఏరుకొచ్చి, దులిపి, ఎండలో ఆరేసి, మంచం కింద దాచింది. మర్నాటి నుంచి అతను పనికి వెళ్లగానే వాటిని గుమ్మం నుంచి వంటింటి దాకా పరిచేది. దొర పొట్ట కింద పాత తువ్వాలు దూర్చి రెండు చివర్లూ పట్టుకుని, "పద నాయనా, పద, ఎవరూ చూడట్లేదు" అనేది. మొదటి రోజు రెండడుగులు. నాలుగో రోజు వంటింటి గుమ్మం. పక్కింటి పిన్నిగారు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి, కూరలో నీళ్లు ఇగిరిపోతున్నా కదిలేది కాదు.

"తువ్వాలు వదులమ్మాయ్, అది నిన్ను లాక్కుపోతోంది, నువ్వు దాన్ని కాదు" అందావిడ ఓ రోజు.

ఆమె వదిలింది. దొర కుందేల్లా ఒక గెంతు, ఒక అడుగు, మళ్లీ ఒక గెంతు వేసుకుంటూ వంటింట్లోకి పోయి, నీళ్ల గిన్నె ముందు నిలబడి నీళ్లు తాగింది. పిన్నిగారు కళ్లు తుడుచుకుని, "ఇక మా ఇంటికే వచ్చి మా కూర తినేస్తుంది చూడు" అంది.

సాయంత్రం అయిదింటికల్లా సంచులు మంచం కిందకి పోయేవి. మేస్త్రి వచ్చి "లే" అనేవాడు. గచ్చు మీద దొర లేచేది, పడేది.

కుట్లు విప్పించడానికి తీసుకెళ్లిన రోజు ఇంకో వింత జరిగింది. ఆసుపత్రిలో గరుకు సిమెంటు నేల. అక్కడ దించగానే దొర తనంతట తనే గది దాటి వెళ్లి డాక్టరమ్మ చేతిలో మూతి పెట్టింది. "శభాష్! నేల కప్పినట్టున్నారే, మంచి పని చేశారు" అందావిడ.

ఇంటికి వచ్చేదాకా అతను ఉడికిపోయాడు. "ఎవత్తెకో నడుస్తుంది. తిండి పెట్టిన వాడికి నడవదు. అయితే ఇన్నాళ్లూ నా ముందు వేషాలన్నమాట."

"అక్కడ నేల గరుగ్గా ఉందండీ."

"ఏమన్నావ్?"

"ఏం లేదు."

ఆ రోజు నుంచి దొర తిండి సగం చేశాడు. ఒళ్లు పెరగకూడదని డాక్టరమ్మ అన్న మాట అతనికి అప్పుడు గుర్తొచ్చింది. "బద్ధకానికి ఆకలిని మించిన మందు లేదు" అనేవాడు.

ఈ కథంతా టీ కొట్టుకు చేరకుండా ఉంటుందా? టీ కొట్టు బాబాయ్ నోరు చెడ్డది. మేస్త్రి బెంచీ మీద కూర్చోగానే అందరికీ వినపడేలా మొదలుపెట్టాడు.

"ఏం మేస్త్రీ, మీ ముక్కాలిపీట ఎలా ఉంది? మా కొట్లో ఓ పీట తక్కువైంది, ఇస్తావేమిటి?"

మేస్త్రి బావమరిది అక్కడే ఉన్నాడు. పెళ్లానికి తోడబుట్టిన వాడే గానీ, నలుగురు నవ్వితే ముందు పళ్లు బయటపడేది వాడివే. "పీటైనా నయం బాబాయ్, కదలకుండా ఉంటుంది. బావ గచ్చు మీద అది స్కేటింగు చేస్తోంది."

"అంత మెరుపు ఎందుకయ్యా, కుక్క కూడా నిలబడలేని గచ్చు మనిషికెందుకు?" అన్నాడు బాబాయ్. అందరూ పగలబడి నవ్వారు.

కుక్కని అన్నప్పుడు మేస్త్రి ఊరుకున్నాడు. గచ్చుని అనేసరికి గ్లాసు కింద పెట్టేశాడు. "ఆదివారం పొద్దున్న రండి, అందరూ రండి. ఈ గోడ నుంచి ఆ గోడకి నడిపించి చూపిస్తాను. నా గచ్చు మీదే, దుప్పట్లూ దుమ్మూ ఏమీ లేకుండా."

శనివారమంతా అతను పనికి పోలేదు. ఆఖరి రాయి మళ్లీ వేసి, మళ్లీ ఉన్ని గుడ్డ పట్టాడు. ఆమె గుమ్మంలో నిలబడి ఇక దాచుకోలేకపోయింది.

"అది నడుస్తుందండీ. మూడు వారాలుగా నా చేతుల్లోనే నడుస్తోంది. గోనెసంచుల మీద. కావాలంటే పిన్నిగారిని అడగండి. రేపు అవే వేద్దాం, వాళ్లు చూసి పోతారు, మీ మాట నిలబడుతుంది. డాక్టరమ్మ చెప్పిన గడువు ఇంకా వారమే ఉంది. ఈ వారం దాన్ని పడనివ్వకండి, మీకు దణ్ణం పెడతాను."

అతను తల ఎత్తలేదు. "గోనె మీద గాడిద కూడా నడుస్తుంది" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే నలుగురూ వచ్చారు. చెప్పులు బయట వదిలి గోడ వారగా నిలబడ్డారు. మేస్త్రి అటు గోడ దగ్గర చేతిలో రొట్టె ముక్కతో గొంతుక్కూర్చున్నాడు. ఇటు గోడ దగ్గర ఆమె దొర పొట్ట కింద తువ్వాలు పట్టుకుని ఉంది. దొర సరిగా తిని పది రోజులు దాటింది. రొట్టె వాసనకి ముక్కు అదురుతోంది.

"తువ్వాలు తియ్యవే."

ఆమె తియ్యలేదు.

"అందరి ముందూ నా పరువు తీస్తావా? తియ్!"

తీసేసింది. ఆ తర్వాత జీవితంలో ఎవరు ఏ మాట అన్నా తిరిగి ఒక మాట అనే ఆమె, ఆ ఒక్క పనికి మాత్రం తనకి తనే జవాబు చెప్పుకోలేకపోయింది.

"దొరా! రా!"

అతను అంత ప్రేమగా పిలిచి ఎన్నాళ్లయిందో. దొర చెవులు నిక్కాయి. ట్రాలీ చప్పుడుకి పరిగెత్తినట్టే పరుగు అందుకోబోయింది. ఒక గెంతు. రెండు. గది మధ్యలో, గిరాకీలు నిలబడి ముఖం చూసుకునే చోట, వెనక కాలు పక్కకి పోయింది. పచ్చి కొమ్మ విరిచినట్టు చిన్న చప్పుడు. దొర అరవలేదు. నడుము కూలబడిపోయింది. అయినా మేస్త్రి చెయ్యి ఇంకా చాపే ఉంది కదా, పిలుపు పిలుపే అనుకుందో ఏమో, ముందు కాళ్లతో గచ్చుని గీరుకుంటూ, వెనక ఒళ్లంతా ఈడ్చుకుంటూ మిగిలిన సగం గదీ దాటింది. అతని చేతిలోని రొట్టె ముక్కని, వేలికి పన్ను తగలకుండా, జాగ్రత్తగా అందుకుంది.

టీ కొట్టు బాబాయే ముందు గొంతు సవరించుకున్నాడు. "ఏమైతేనేం, గోడ చేరింది. మాటంటే మాటే మేస్త్రీ."

బావమరిది అలవాటు కొద్దీ నవ్వాడు. అక్క ముఖం చూసి, బయటికి నడిచి, చెప్పులు చేత్తో పట్టుకునే వెళ్లిపోయాడు.

డాక్టరమ్మ మోకాలు పట్టుకుని అటూ ఇటూ కదిపి చూసి, లేచి చేతులు కడుక్కుంది. "నేల కప్పలేదా?"

"అదే దూకిందమ్మా" అన్నాడు మేస్త్రి.

ఆవిడ ఆమె వైపు చూసింది. ఆమె నేల వైపు చూసింది. సూది వేసేటప్పుడు అతను లోపల లేడు, బయట బండి దగ్గర నిలబడ్డాడు. దొర తలుపు వైపే చూస్తూ పోయింది.

ఆ సాయంత్రమే మేస్త్రి మిషను లోపలికి తెచ్చాడు. గది మధ్య నుంచి గోడ దాకా దొర గోళ్ల గీతలు, ఈ కాలివి రెండు, ఆ కాలివి మూడు, తెల్ల రాయి మీద స్పష్టంగా పడి ఉన్నాయి. మూడో రాయి వేస్తే గంటలో పోయే గీతలు. ఆమె చిక్కుడుకాయల గిన్నె తెచ్చుకుని సరిగ్గా వాటి మీద కూర్చుంది.

"లేవవే."

"లేవను. మిషను నా మీంచే నడపండి."

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. అతను మిషను ముట్టుకుంటే చాలు, ఆమె వచ్చి కూర్చునేది. నాలుగో రోజు మిషను బండెక్కింది. గీతలు అలాగే ఉండిపోయాయి.

మనిషి మారాడా అంటే, లేదు. గచ్చులో దోషం లేదని ఇప్పటికీ అంటాడు. గిరాకీలను ఇంటికి తీసుకురావడం మానలేదు, తిండి నడవాలి కదా. కాకపోతే వచ్చిన ప్రతివాళ్లూ ముందు మెరుపు చూసి, ఆ తర్వాత గీతలు చూసి, ఇవేమిటని అడుగుతారు.

"బీరువా జరిపాం లెండి" అంటాడు మేస్త్రి.

వంటింట్లోంచి ఆమె గొంతు వస్తుంది, పెంచకుండా, తగ్గించకుండా. "బీరువా కాదండీ, కుక్క. రమ్మని పిలిస్తే వచ్చింది."

అతను తల వంచుకుంటాడు. వచ్చినవాళ్లు గీతల మీంచి కాళ్లు పక్కకి తీసుకుంటారు. తర్వాత మళ్లీ కిందకి చూసి, జుట్టు సర్దుకుని, "అయినా మెరుపు మాత్రం బావుంది, మాక్కూడా ఇలాగే పెట్టండి" అని చెప్పి వెళ్తారు.