అడుగులేని జేబు

ఓలీటా స్లోన్ తుపాకీ కొనబోతోందన్న మాట లోయలో పొక్కిందో లేదో, సలహా ఇవ్వకపోతే పాపం చుట్టుకుంటుందన్నట్టు మగాళ్లంతా ఎగబడ్డారు. పోస్టాఫీసు ముందు ఒకడు, పెట్రోలు బంకు దగ్గర ఒకడు. ఆఖరికి పన్ను పీకించుకుని దవడ వాచి నోరు పెగలనివాడు కూడా వేళ్లతో సైగలు చేసి మరీ చెప్పాడు. అందరిదీ ఒకటే మాట: "చిన్నది తీసుకో. ఆడమనిషివి. చేతిలో ఇముడుతుంది, హ్యాండ్‌బ్యాగులో పడుంటుంది." మా కెంటకీ కొండల్లో మగవాడికి ట్రక్కుల గురించీ తుపాకుల గురించీ అడిగితే చెప్పే అలవాటు లేదు. అడక్కుండానే చెబుతాడు.

ఆ చెయ్యి ఎలా ఉందని మాత్రం ఒక్కడూ అడగలేదు.

కుడి మణికట్టు అది. దాన్ని విరిచింది రాయ్స్, ఒకప్పటి మొగుడు. విరిచినందుకు జైలుకు వెళ్లాడు, విడాకులూ అయ్యాయి. ఎముక అతుక్కుంది గాని పట్టు మాత్రం తిరిగి రాలేదు. బట్టలు కుట్టి బతికే మనిషికి సూది పట్టుకోవడం వరకూ ఫరవాలేదు. పచ్చడి సీసా మూత తిప్పాలంటే మాత్రం ఇంకొకరిని పిలవాల్సిందే. ఇప్పుడు రాయ్స్ విడుదలై గట్టు అవతల వాళ్లమ్మ ఇంట్లో ఉంటున్నాడు. క్షౌరశాలలో కూర్చుని, "నా పనిముట్ల పెట్టె ఆ ఇంట్లోనే ఉంది. దానికోసం ఒకరోజు వెళ్తా. వెళ్లినవాణ్ని ఊరికే వస్తానా," అని పదిమందిలో అన్నాడట.

ఇల్లు ఓలీటాది. ఆమె తండ్రి కట్టింది, లోయ చివర వాగు పక్కన. రాయ్స్ బయటికి వచ్చాడని తెలిసిన రోజే దానికి తాళం వేసి, అన్న డెల్మర్ ఇంట్లో వెనకగదికి చేరింది. ఆ గదిలో ఆమె మంచం, పక్కన మాంసం దాచే పెద్ద ఫ్రీజరు. తెల్లవార్లూ అది గుర్రు పెడుతుంది. వదిన వాండా బంగారం లాంటి మనిషే, అన్నకూ ప్రాణమే. కానీ ఎంత మంచివాళ్ల ఇల్లయినా మన ఇల్లు అవుతుందా? తన కిటికీ, ఆ కిటికీ దగ్గర తన కుట్టుమిషను, అరుగు ముందు తన చిక్కుడు పాదులు. వాటి మీదే ఆమె మనసంతా.

"అన్నా, నేను ఇంటికి పోతా," అంది ఒకరోజు.

"పో. ఆ రాయ్స్ గాడొస్తే ఏం చేస్తావ్? పాటందుకుని సాగనంపుతావా?"

"తుపాకీ కొనుక్కుంటా."

"ఆ మాట ముందే అనొచ్చుగా!" అన్నాడు డెల్మర్, మొహం చాటంత చేసుకుని. మర్నాడే ఒకటి తెచ్చేశాడు. అరచేతిలో దాక్కునేంత పిస్తోలు, పిడికి గులాబీ రంగు. ఓలీటా దాని పైతొడుగు వెనక్కి లాగబోయింది. అది లాగితేగాని తూటా లోపలికి ఎక్కదు. ఇనపముక్క కదిలితే ఒట్టు. మణికట్టులో మంట పుట్టి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దానికేముందే పిచ్చిదానా," అంటూ డెల్మర్ తనే లాగి, తూటా ఎక్కించి, చెల్లెలి హ్యాండ్‌బ్యాగులో వేసేశాడు. "ఇక తీయడం, నొక్కడం. అంతే!"

బ్యాగులో కాక మరెక్కడ పెట్టుకుంటుంది? మా హోలీనెస్ చర్చిలో ఆడవాళ్లు జుట్టు కత్తిరించరు, ప్యాంటు తొడగరు, బెల్టు కట్టరు. మడమల దాకా పావడా, దాని మీద వదులు జాకెట్టు. లోకంలో తుపాకీ ఒరలన్నీ నడుముకు తోలు బెల్టు బిగించిన మగాడి కోసం పుట్టినవే.

ఆ ఆదివారం చర్చిలో జరిగింది తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మా చర్చిలో ముసలమ్మల బ్యాగులు పిల్లల సొత్తు. ప్రార్థన సాగిందంటే ఏ పిల్లయినా వచ్చి ఏ అవ్వ బ్యాగులోనైనా చెయ్యి పెట్టి పిప్పరమెంటు బిళ్ల తీసుకుంటుంది, ఎవరూ ఏమీ అనరు. ఓలీటా బ్యాగయితే మరీను, దాన్లో బిళ్లలెప్పుడూ తరగవు. అందరూ నిలబడి చప్పట్లు కొడుతూ పాడుతున్నారు. ఓలీటా కూడా కళ్లు మూసుకుని పాడుతోంది. డెల్మర్ మనవరాలు బ్రిన్లీ, నాలుగేళ్ల పిల్ల, బల్ల మీదకెక్కి బ్యాగు జిప్పు తీసి మోచేతి దాకా చెయ్యి దూర్చింది.

"ఓలీ అవ్వా, ఈ గులాబీ బొమ్మ నాకా?"

పాట హోరులో ఆ మాట ఓలీటా చెవినే పడింది, దేవుడి దయ. వంగి పిల్ల మణికట్టు పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసి, చెయ్యి బయటికి లాగింది. బ్యాగు చంకన పెట్టుకుని చర్చి వెనక్కి నడిచింది. అక్కడ చెక్కమెట్ల మీద కూలబడింది. వెతుక్కుంటూ వచ్చిన డెల్మర్ చేతిలో బ్యాగు పెట్టి సంగతి చెప్పింది. అంతటి మనిషీ తెల్లకాగితమైపోయాడు. తూటా తీసి జేబులో వేసుకున్నాడు.

"తప్పు నాదేనే," అన్నాడు. "కానీ ఇక తుపాకీ మాటొద్దు, ఇంటి మాటొద్దు. వెనకగది ఉంది, నేనున్నాను."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఇంకొకతె అయితే సరేనని ఫ్రీజరు పక్కన ముసుగు తన్నేది. ఓలీటా మాత్రం వాండా కుట్టుమిషను ముందు కూర్చుంది. అందరూ ముందు తుపాకీ కొని, తర్వాత దాన్నెక్కడ పెట్టాలా అని వెతుక్కుంటారు. ఆమె చోటు దగ్గర మొదలుపెట్టింది. పిల్లల చెయ్యి పోని చోటు, తన చెయ్యి మాత్రం తడుముకోకుండా పోయే చోటు కావాలి. పావడాకు కుడివైపు మామూలు జేబు కుట్టి, దాని అడుగు కత్తిరించేసింది. చెయ్యి పెడితే జేబులో ఆగకుండా లోపలికి జారిపోతుంది. లోపల నడుముకు చుట్టుకునే వెడల్పాటి గుడ్డపట్టీ, దాన్నుంచి తొడ ముందువైపు వేలాడే గట్టి ఒరకు చోటు. పైన పావడా కుచ్చులు, ఆ పైన ఏప్రన్. ఏళ్ల తరబడి ఊరందరి లావుపాటి పొట్టలూ వంకర భుజాలూ బట్టల్లో కనబడకుండా కుట్టిన మనిషికి ఇదొక లెక్కా?

ఆ పావడా కట్టుకునే హోబర్ట్ కొట్టుకు వెళ్లింది. హోబర్ట్ తుపాకులు అమ్ముతాడు, కొట్టు వెనక మట్టిగట్టు దగ్గర కాల్చడం నేర్పుతాడు, లైసెన్సు పరీక్ష కూడా అతనే పెడతాడు. సంగతంతా విని పకపకా నవ్వాడు.

"చొక్కా కుట్టించుకుని దానికి సరిపడే మనిషి కోసం తిరిగినట్టుందమ్మా నీ యవ్వారం!"

"నవ్వుకో నాయనా. నవ్విన నాపచేనే పండుతుంది. ముందు నీ దగ్గర ఉన్నవన్నీ ఖాళీవి తియ్యి. పైతొడుగు నేను లాగాలి, నువ్వు కాదు."

హోబర్ట్ అలవాటు కొద్దీ చిన్నదే ముందు తీశాడు. ఓలీటా దాన్ని తిరిగి అతని వైపే తోసింది.

"అదెందుకంత బిగుసుకుపోతుంది?"

"చిన్నదాన్లో స్ప్రింగు గట్టిది. ఒళ్లు తేలిక, అందుకని కాల్చగానే వెనక్కి తన్నడం కూడా గట్టిగానే తంతుంది."

"పిట్ట కొంచెం కూత ఘనం అన్నమాట. మరి ఊళ్లో మగాళ్లంతా నాకదే కొనుక్కోమంటారేం?"

"వాళ్లలో ఒక్కడూ దాంతో కాల్చలేదు గనక," అన్నాడు హోబర్ట్, ఈసారి నవ్వకుండా.

రివాల్వర్ ఇచ్చాడు. లాగాల్సిన తొడుగు లేదు గాని, కాల్చే మీట నొక్కేసరికి విరిగిన చెయ్యి వణికి గొట్టం పక్కకు తిరిగిపోయింది. అది కాదంది. ఇంకోటి, ఇంకోటి. బల్లంతా ఇనుము పేరుకుపోయింది. హోబర్ట్ తల గోక్కుని, అడుగు అరలోంచి ఒకటి తీశాడు. చూస్తే మొద్దు అవతారం. చిన్నదానికంటే బెత్తెడు పెద్దది, రంగు బొగ్గు. "దీన్నెవరూ మోజుపడి అడగరు," అన్నాడు. ఓలీటా ఎడమచేత్తో పిడి పట్టి, కుడిచేత్తో పైతొడుగు పట్టుకుని లాగింది.

వచ్చింది. సొరుగు తెరిచినంత సులువుగా వచ్చి, వదలగానే టకీమని వెనక్కి పోయి కూర్చుంది. మళ్లీ లాగింది, మళ్లీ వచ్చింది. ఓలీటాకు ఏడుపు ముంచుకొచ్చింది. మొగుడు విరిచినప్పుడు కూడా ఇంతగా ఏడవలేదు ఆ మనిషి. కళ్లు తుడుచుకొమ్మని హోబర్ట్ చేతికందిన గుడ్డ ఇచ్చాడు, అది తుపాకులు తుడిచే నూనెగుడ్డ. మొహమంతా నల్లగా పులుముకుని, "ఇదే," అంది.

ఆ పావడాలోనే నిలబెట్టి మీటను పూర్తిగా కప్పేసే గట్టి ఒర సరిచూసి ఇచ్చాడు హోబర్ట్. పూటపూటా మట్టిగట్టు దగ్గర సాధన చేయించాడు. లైసెన్సు పరీక్ష రోజున ఆమెతో పాటు కొందరు మగాళ్లు వరసగా నిలబడ్డారు. అట్ట మీది బొమ్మ గుండెల్లో ఓలీటా తూటాలన్నీ ఒక్కచోటే పడ్డాయి, మీద అరచెయ్యి పెడితే మూసేయొచ్చు. పక్కవాడు తన అట్టను గబగబా చుట్టి చంకన పెట్టుకున్నాడు.

డెల్మర్ ఒక పట్టాన లొంగితేగా! "కాల్చడం సరే. నువ్వెక్కడ పెట్టుకున్నావో నాకు కనబడితే రాయ్స్‌కూ కనబడుతుంది. రేపు చర్చి భోజనాల్లో చూస్తా. కనుక్కున్నానా, ఫ్రీజరు పక్కనే నీ పక్క."

"కనుక్కోలేకపోతే?"

"నీ సామానంతా నేనే మోసి నీ ఇంట్లో దింపుతా. మళ్లీ నోరెత్తను."

మా చర్చి భోజనాలంటే ఆరుబయట బారుగా బల్లలు, ఉడికిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, ఎండు ఆపిల్ పరిచిన పొరల కేకు. అన్నిటికంటే ముందు కౌగిలింతలు. వచ్చేటప్పుడొకటి, పోయేటప్పుడొకటి, మధ్యలో మనసైతే ఇంకోటి. నడుముకు తుపాకీ కట్టుకున్నవాడు ఎవడైనా మా చర్చిలో నిమిషంలో దొరికిపోతాడు. ఓలీటా అందరికీ మెడ అందించింది, అందరి చేతులూ భుజాల మీదా వీపు మీదా తిరిగాయి. డెల్మరైతే పూటలో మూడుసార్లు కౌగిలించుకున్నాడు.

"ఏంటన్నా, ఇవాళ నా మీదింత ప్రేమ కారిపోతోంది?"

"తోబుట్టువువి కదే," అన్నాడు, నడుమంతా తడిమేసి.

ఆమె బైబిలు సంచీ తెరిచి చూశాడు. కింద పడిన చెంచా కోసమన్నట్టు బల్ల కిందికి వంగి చీలమండల వంక చూస్తే, వాండా గరిటెతో వీపు మీద ఒక్కటిచ్చింది. బ్రిన్లీ ఓలీటా బ్యాగు గడ్డి మీద బోర్లిస్తే పిప్పరమెంటు బిళ్లలు, రుమాలు, దువ్వెన. ఓలీటా గిన్నెలు మోసింది, వంగి వడ్డించింది, పిల్లని ఎడమచంకన ఎత్తుకుని తిరిగింది. కేకు అయిపోయింది. డెల్మర్ మొహం కందగడ్డయింది.

"తేలేదు నువ్వు! ఇంట్లో పెట్టొచ్చి నన్ను ఆడిస్తున్నావ్!"

ఓలీటా నింపాదిగా చెయ్యి తుడుచుకుంది. "వదినా, ఓసారి లోపలికి రా."

ఆడవాళ్లిద్దరూ చర్చిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. కాసేపటికి వాండా కడుపు పట్టుకుని నవ్వుతూ బయటికొచ్చింది.

"డెల్మర్, లేచి ట్రక్కు తియ్యి. మోత నీదే."

"ఎక్కడే? ఎక్కడుందే?"

"నేను చచ్చాక నా సమాధి మీద రాయిస్తాలే, చదువుకో," అంది వాండా.

అక్కడున్న ఆడవాళ్లంతా ఘొల్లుమన్నారు. ఆ సాయంత్రానికే లోయంతా, గట్టవతలా ఒకటే మాట: ఓలీటా దగ్గర తుపాకీ ఉంది, ఎక్కడుందో కట్టుకున్నదానికీ వాళ్ల వదినకూ తప్ప దేవుడికే తెలియాలి.

తన ఇంటికి రాగానే ఆమె చేసిన మొదటి పని, రాయ్స్ ఎర్ర పనిముట్ల పెట్టెను అన్న చేత గేటు బయట పెట్టించడం. రెండోది, కిటికీ తెరలు తీసేయడం.

చిక్కుళ్లు కాపుకొచ్చిన రోజుల్లో ఒక ఉదయం రాయ్స్ రానే వచ్చాడు. ట్రక్కు దిగి గేటు మీద చెయ్యేశాడు. ఓలీటా అరుగు మీద ఒళ్లో గిన్నె పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. భయమేసింది. లేదంటే అబద్ధం. కానీ చేతులు ఆగలేదు.

"ఏం కావాలి రాయ్స్?"

వాడు ఆమె రెండు చేతుల వంక చూశాడు, చిక్కుళ్లలో ఉన్నాయి. నడుము వంక చూశాడు, ఏమీ లేదు. బ్యాగు కోసం వెతికితే, అది గుమ్మం లోపల మేకుకు వేలాడుతోంది. తలుపు వంక, కుర్చీ కింద, మళ్లీ ఆమె మొహం వంక చూశాడు. ఓలీటా కూడా వాడి కళ్లలోకే చూస్తూ ఇంకో ఈనె లాగింది. పెళ్లయిన నాటి నుంచీ వాడు ముందుగా కళ్లు దించుకోవడం ఆమె చూడటం అదే మొదలు. వాడి చెయ్యి గేటు మీంచి జారింది.

"నా పెట్టె," అన్నాడు గొణుగుతూ.

"నీ కాలి దగ్గరే ఉంది. తీసుకుని వచ్చిన దారినే పో."

తీసుకున్నాడు. పోయాడు. ట్రక్కు చప్పుడు వాగు దాటి, చర్చి మలుపు దాటి, వినబడకుండా పోయేదాకా ఓలీటా కదల్లేదు. ఆ తర్వాత లేచి, అరుగు మీద అటూ ఇటూ నడిచి, ఒక్కతే బిగ్గరగా నవ్వింది. నవ్వుతూనే అన్నకు ఫోన్ చేసింది.

"అన్నా, వాడొచ్చి పోయాడు."

"ఏమైందే? నీకేమన్నా అయిందా? ఇప్పుడే వస్తున్నా, తుపాకీ తెస్తున్నా!"

"తుపాకీ ఎందుకు, నా దగ్గరుందిగా. వదిననీ పిల్లనీ తీసుకుని మధ్యాహ్నం భోజనానికి రా. చిక్కుళ్లు వండుతున్నా. పచ్చడి సీసా మూత నా వల్ల కావట్లేదు, అది తీసిపెడుదువుగాని."