ఆరో కుప్ప

నోటికి మాటనిచ్చి, ఆ మాటకు లెక్క కూడా అడిగే దేవునికి స్తోత్రం. ఇన్నేళ్లు నా చేత ఇతరుల గురించి రాయించి, రాసే ముందు ఒకసారి ఆగి చూడమని నన్ను సముద్రపు ఒడ్డుకు నడిపించిన ఆయన కృపకు స్తోత్రం.

అది 1979. ఉప్పెన వచ్చి రెండేళ్లయింది. విజయవాడ గవర్నరుపేటలో ఒక ప్రచురణ సంస్థ తెలుగు కళల మీద విజ్ఞాన సంపుటం వేస్తోంది. అందులో నేను సహాయ సంపాదకుణ్ణి. నాటకం, హరికథ, రేడియో విభాగాలు పూర్తయ్యాయి. చివరిది టెలివిజన్. ఒక్కో కార్యక్రమానికి ఒక్కో చిన్న వ్యాసం రాయాలి. దాన్ని మేం ఎంట్రీ అనేవాళ్లం. ప్రతి ఎంట్రీలోనూ థీమ్ అని ఒక వాక్యం తప్పనిసరి. కథ అంటే ఏం జరిగిందో చెప్పేది. థీమ్ అంటే జరిగినదంతా దేని చుట్టూ తిరిగిందో చెప్పేది. కథ పది వాక్యాల్లో రాయడం సులువు. థీమ్ ఒక్క వాక్యంలో రాయడమే కష్టం.

నాకు ఆ పని కొంత పట్టుబడిందంటే మా గుణదల సంఘంలోని సండే స్కూలు వల్లే. ఒక లేఖన భాగం ఇచ్చి, ఇందులో దేవుడు ఏం చెబుతున్నాడో ఒక్క మాటలో చెప్పమనేవారు మా పెద్దలు. పూర్తిగా చదవకుండా చెయ్యెత్తితే కూర్చోబెట్టేవారు.

మా ప్రధాన సంపాదకుడు శివరామయ్య గారు దేవుణ్ణి నమ్మరు. పేరులో మాత్రం ఇద్దరు దేవుళ్లను పెట్టుకు తిరుగుతున్నారని మేమంతా నవ్వేవాళ్లం. ఆయన కూడా నవ్వేవారు. పనిలో ఆయనకు ఒకటే నియమం. తెర మీద ఉన్నదే ఎంట్రీలోకి రావాలి. రాసేవాడి ఊహ రాకూడదు, ఎవరో చెప్పిన మాట రాకూడదు.

ఒకరోజు హైదరాబాదు నుంచి ఒక రచయిత పంపిన ఎంట్రీ నా బల్ల మీదికి వచ్చింది. ఉప్పెన తరువాత బందరు అవతల ఒక పల్లెలో, అక్కడి జాలరులనే పెట్టి తీసిన టెలివిజన్ చిత్రం గురించి. థీమ్ దగ్గర ఇలా ఉంది: "ప్రకృతి ముందు మనిషి నిస్సహాయత. పట్టిన చేపల్లో ఒక కుప్పను సముద్రానికి నైవేద్యంగా వదిలే మూఢాచారాన్ని ఈ చిత్రం ఎత్తి చూపింది." ఒక పత్రికలో వచ్చిన సమీక్షలోనూ అదే మాట ఉంది. కానీ టీవీ కేంద్రం వాళ్లిచ్చిన సినాప్సిస్, అంటే కథాసారం, వేరుగా ఉంది. పడవలో ఐదుగురు, ఒడ్డున ఆరు కుప్పలు, ఆరో కుప్ప మీద చిత్రం ముగుస్తుంది. అంతే.

"సార్, నైవేద్యమని సినాప్సిస్‌లో లేదండి," అన్నాను.

"మరెవరికి పెట్టారంటావు? మీ యెహోవాకా?"

"తెలీదండి. తెలీదు కాబట్టే సరే అనలేకపోతున్నాను."

"చూడకుండా ఎట్లా తెలుస్తుందయ్యా యేసుపాదం? బెజవాడలో టీవీ కొన్నా అందులో కనపడేది వాన చినుకులేగా!"

ఆయనన్నది నిజమే. ఆ రోజుల్లో హైదరాబాదు బొమ్మ మన దాకా వచ్చేది కాదు. కానీ ఆ చిత్రాన్ని ఫిల్ము మీద తీశారు. మీ బొమ్మ మీకు చూపిస్తానని దర్శకుడు పల్లెవాళ్లకు మాటిచ్చాడట. ఆ వారమే ప్రొజెక్టరు ఉన్న వ్యాను అక్కడికి వెళ్తోందని తెలిసింది. శివరామయ్య గారు వెంటనే అచ్చు ఆపించారు. "వెళ్లు. కళ్లతో చూసిందే పట్రా," అన్నారు.

కంకిపాడు మీదుగా బస్సులో బందరు చేరి, మరో బస్సు మారి, కాలవ గట్టు మీద నడిచి ఆ పల్లెకు చేరాను. కొత్తగా కట్టిన తుఫాను షెల్టరులో కిటికీలకు చాపలు కట్టి చీకటి చేస్తున్నారు. చాప అందిస్తున్న ఒకామె నా తెల్ల చొక్కా, చేతి సంచి చూసింది.

"పాస్టరు గారాండి?"

"కాదమ్మా. ఈ బొమ్మ గురించి పుస్తకంలో రాయడానికొచ్చాను."

ఆమె చేతిలో చాప అక్కడే ఆగిపోయింది. "మళ్లీ రాత్తారా? రాసింది చాలదాండీ?"

ఆమె పేరు నాంచారమ్మ. చిత్రంలో కనిపించే ఆరో కుప్ప ఆమెదే. భర్త పెద్దిరాజు ఆ పడవలో ఆరో మనిషి. ఉప్పెనలో పోయాడు. ఆ పల్లెలో ఒక ఆచారం ఉంది. పడవ మనిషి సముద్రంలో పోతే, అతని పిల్లలు చేతికొచ్చేదాకా వాటా ఆగదు. పంపకం వేళ సరంగు, అంటే పడవ పెద్ద, అందరి పేర్లతో పాటు పోయినవాడి పేరు కూడా పిలుస్తాడు. ఆ కుప్పను గంపకెత్తుకుని బందరులో అమ్మి నాంచారమ్మ ఇద్దరు ఆడపిల్లల్ని సాకుతోంది.

అదే పడవలో పనిచేసే కోటయ్య మా మాటలు విని దగ్గరికొచ్చాడు. "పేపర్లో పడ్డకాడ్నుంచీ మార్కెట్లో మమ్మల్ని చూసి, సముద్రానికి చేపలు తినిపించేవోళ్లొచ్చారు అంటన్నారండి. సముద్రంలో చేపల్లేవా ఏంటి, మేం పెట్టటానికి?"

అందరూ నవ్వారు. కోటయ్య మాత్రం నవ్వలేదు. "ఆ కుప్పే లేకపోతే ఈ మాట పడక్కర్లేదు. వచ్చే అమాసకి మానేద్దామంటన్నాం."

"మానేద్దామన్నది నువ్వొక్కడివేరా," అన్నాడు సరంగు వీరాస్వామి.

"ఇయ్యాల నేనొక్కడినే మావా. పుస్తకంలో కూడా పడితే అందరూ అంటారు."

నాంచారమ్మ చాప అంచు బిగించి ముడి వేసి వెళ్లి వెనక వరసలో పిల్లల మధ్య కూర్చుంది. నేను మనసులో ప్రార్థన చేసుకున్నాను. పొలంలో మరచిపోయిన పన, అంటే కోసిన పంట కట్ట, విధవరాలిది, దానికోసం వెనక్కి వెళ్లొద్దు అని మా లేఖనాల్లో ఉంది. ఆ మాట ఎన్నడూ వినని ఈ మనుషులు దాన్ని ఇసకలో నిలబెట్టి చూపిస్తున్నారు. కానీ శివరామయ్య గారి నియమం నాకు తెలుసు. పల్లెవాళ్లు చెప్పారంటే కుదరదు. తెర మీద కనపడాలి.

బొమ్మ మొదలైంది. "ఒరేయ్, నీ పొట్ట చూడరా, తెరకి పట్టట్లేదు!" అని ఒకరు, "అత్తోయ్, ఏడవమంటే నవ్వుతున్నావేంటే!" అని ఒకరు. గోలలో సగం మాటలు వినపడలేదు. చివరికి పంపకం వచ్చింది. వీరాస్వామి ఒక్కో కుప్ప దగ్గర నిలబడి ఒక్కో పేరు పిలిచాడు. ఐదు పేర్లు వినపడ్డాయి. ఆరో కుప్ప దగ్గరికి వచ్చేసరికి దర్శకుడు వేణువు, అలల హోరు కలిపాడు. సరంగు గొంతు ఆ సంగీతం కింద మునిగిపోయింది. కుప్ప, దాని వెనక సముద్రం. పట్నంలో చూసినవాళ్లకు అది నైవేద్యంలా కనిపించడంలో వింతేముంది!

ఆ షెల్టరులో మాత్రం సంగీతం ఎవరికీ వినపడలేదు. కుప్ప తెర మీదికి రాగానే చీకట్లోంచి ఆడా మగా ఒక్కసారిగా పిలిచారు.

"పెద్దిరాజు వాటా!"

పిలవమని ఎవరూ చెప్పలేదు. వాళ్లకు అలవాటు, అంతే. ఆ తరువాత అందరి తలలూ తెర వదిలి వెనక వరసకు తిరిగాయి.

ప్రొజెక్టరు అతన్ని బతిమాలి చివరి రీలు మళ్లీ వేయించాను. ఈసారి తెర పక్కనే నిలబడి చూశాను. వీరాస్వామి పెదవులు కదులుతున్నాయి. ఐదుసార్లు కాదు, ఆరుసార్లు.

విజయవాడ వచ్చి చెబితే శివరామయ్య గారు పాత ఎంట్రీని ముందుకు లాక్కున్నారు. "నువ్వు ప్రతి బొమ్మలోనూ ప్రసంగం వెతుకుతావని నా అనుమానం," అన్నారు.

"పెదవులు తెర మీద ఉన్నాయండి. నేను పెట్టలేదు."

ఆయన ట్రంక్ కాల్ బుక్ చేసి హైదరాబాదులో ఉన్న దర్శకుడితో మాట్లాడారు. అవును, పెద్దిరాజు పేరే పిలిచాడు, ముగింపు గంభీరంగా ఉంటుందని సంగీతం వేశాను, అన్నాడాయన. శివరామయ్య గారు ఫోను పెట్టేసి పాత వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేశారు. నన్ను రాయమన్నారు. రాశాను: "థీమ్: సముద్రంలో పోయిన తోటివాడిని పంపకంలోంచి తీసేయకపోవడం. ముగింపులో సరంగు ఆరో కుప్పకు మరణించిన పెద్దిరాజు పేరు పిలుస్తాడు. సంగీతం వల్ల ఆ పిలుపు వినపడదు." ఆయన చదివి, ఒక్క అక్షరం మార్చలేదు. "గ్యాలీ ప్రూఫ్ రాగానే నువ్వే తీసుకెళ్లి వాళ్లకు వినిపించు. అమావాస్య లోపే," అన్నారు. గ్యాలీ ప్రూఫ్ అంటే పేజీలు కట్టక ముందు తీసే పొడవాటి అచ్చు కాగితం. దేవుణ్ణి నమ్మని ఆ మనిషిలో నాకు ఆ రోజు భయభక్తులు కనిపించాయి. ఆ మాట ఆయనతో అంటే కొడతారని అనలేదు.

నేను వెళ్లేసరికి పడవ అప్పుడే ఒడ్డుకొచ్చింది. చేపలు ఇసక మీద పోస్తున్నారు. ప్రూఫ్ కాగితం తడిచేతులతో ముట్టుకుంటే పాడవుతుందని వీరాస్వామి నన్నే చదవమన్నాడు. చదివాను. రెండోసారి చదవమన్నారు. చదివాను.

"పేరు కూడా ఏశారాండి? అచ్చులో?" అంది నాంచారమ్మ.

"వేశామమ్మా."

ఆమె పెద్ద పిల్ల బడికి వెళ్తుంది. కాగితం మీద వేలు పెట్టి తండ్రి పేరు తనే చదువుకుంది.

వీరాస్వామి కుప్పలు వేశాడు. ఐదు పేర్లూ పిలిచి, ఆగి కోటయ్య వైపు చూశాడు. కోటయ్య తన కుప్పలోంచి మంచి చందువా చేప ఒకటి తీసి ఆరో కుప్ప మీద పెట్టాడు. నడుం నిటారుగా చేసి, మార్కెట్లో కేకేసినంత గట్టిగా, తనే పిలిచాడు.

"పెద్దిరాజు వాటా!"

ఆ తరువాత ఎన్నో ఎంట్రీలు రాశాను. ఒక కథ దేని గురించో తెలియాలంటే తెరను చూడటం ఎంత అవసరమో, చూస్తున్న మనుషులు ఎటు తిరుగుతున్నారో చూడటం కూడా అంతే అవసరమని ఆ ప్రయాణం నేర్పింది. మనం తేలిగ్గా రాసే ఒక్క వాక్యం ఎక్కడో ఒకరి గంపను ఖాళీ చేయగలదు.

చదువుతున్న మీరు ఏ దేవుణ్ణి కొలిచినా సరే, నాతో కలిసి ఈ ఒక్క మనవి చేయండి. ప్రభువా, ఇతరుల బతుకుల గురించి రాసే చేతులకు తొందర లేకుండా చేయి. మా సంగీతం కింద మునిగిపోయిన పేరు ఏదైనా ఉంటే, దాన్ని మా చేత పిలిపించు. ఆమేన్.