చేపలు కడిగిన నీళ్లు

మచ్చ బొల్లారంలో మా ఇంటి ప్రహరీ గోడను మూత్రశాల చేసుకున్న స్కూటర్ పెద్దమనిషి ఇవాళ కూడా వచ్చాడు. ఎన్నిసార్లు వద్దని బతిమాలినా "గోడకేమైతది మేడం" అని నవ్వేవాడు. ఆ గోడ పక్కనే నా కరివేపాకు మొక్క మాడిపోయింది.

ఆదివారం కదా, మా ఆయన శామీర్‌పేట నుంచి తెచ్చిన చేపలు పెరట్లో కడుగుతున్నాను. గోడవతల స్కూటర్ ఆగింది. బట్టలుతికే బండ ఎక్కి, చేపలు కడిగిన నీళ్లు బకెట్ మొత్తం అతని నెత్తిన కుమ్మరించాను.

తెల్ల చొక్కా నిండా పొలుసులతో వెళ్లి, వీధి చివర టీ తాగుతున్న కానిస్టేబుల్ని వెంటబెట్టుకొచ్చాడు.

"పెండ్లికి పోతున్న సార్! ఈమె మీద కేసు రాయుండ్రి!"

"రాస్త. గప్పుడు నువ్వు గీ గోడకాడ ఏం జేస్తున్నవ్?"

అతను చొక్కా మీది పొలుసులు దులుపుకోసాగాడు.

"చెప్పు, గది గూడ రాయాలె గద! ముందుగాల నీ మీద పెట్టీ కేసు రాస్త. కోర్టుల జడ్జి ముంగట చెప్పుకుందువు గానీ."

అతను ఆ కంపుతోనే స్కూటరెక్కి పోయాడు. వెనకాల రెండు కుక్కలు.

'పాపం, పెళ్లికెళ్లే మనిషి' అనేవాళ్లు కింద రాయండి. మీ ఇంటి అడ్రస్ కూడా రాయండి, అతనికిస్తాను.