కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి

మొన్న శుక్రవారం పొద్దున రాయదుర్గంలో మెట్రో దిగి ఆఫీసుకు నడుస్తుంటే మేడం తమ్ముడు ఫోన్ చేశారు. "అక్క పోయిందమ్మా. నిద్దట్లోనే పోయింది" అన్నారు. ఫుట్‌పాత్ మీద అలాగే నిలబడిపోయాను. మెడలో ఆఫీసు కార్డులు వేసుకున్న కుర్రవాళ్లు నన్ను తప్పించుకుంటూ పోతున్నారు. ఆమెకు చాలాకాలంగా బాగాలేదని తెలుసు. అయినా ఆ మాట వినడానికి సిద్ధంగా లేనని అప్పుడే తెలిసింది.

ఆమె నా సీనియర్. లా చదువు అయిపోగానే ఆమె దగ్గరే జూనియర్‌గా చేరాను. మాదాపూర్‌లోని ఆ ఆఫీసులో మేం చేసే పనేమిటో మా చుట్టాలకు ఇప్పటికీ అర్థం కాదు. కోర్టుకు వెళ్లేది తక్కువ. ఇక్కడ తయారయ్యే కొన్ని వస్తువులు, కొన్ని సాఫ్ట్‌వేర్లు పొలానికీ పనికొస్తాయి, యుద్ధానికీ పనికొస్తాయి. అలాంటివి దేశం దాటాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. ఆ అనుమతి ఎలా అడగాలో, ఏ బేరం అసలు ఒప్పుకోకూడదో కంపెనీలకు చెప్పడం మా పని.

మేడంది కడప. ఎన్నేళ్లు ఇక్కడున్నా ఆ యాస పోలేదు, పోనివ్వలేదు కూడా. శనివారం మరమరాలతో ఉగ్గాని చేసుకొచ్చి అందరికీ పెట్టేవారు. ఎవరైనా కంపెనీవాళ్లు వచ్చి ఫైలు తెరవబోతే చేయి అడ్డం పెట్టేవారు. "ముందు వస్తువు చూపీ నాయనా. కాగితం యాడికీ పోదు." ఆ వస్తువును అరచేతిలో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి, బరువు చూసి, అప్పుడు మాట్లాడేవారు. కొనేవాళ్లకు స్వయంగా ఫోన్ చేసి, వాళ్ల ఊళ్లో వానల గురించి, పంటల గురించి కబుర్లు చెప్పేవారు. "అబద్ధం చెప్పేటోనికి కబుర్లు రావు పాపా" అని నాకు చెప్పేవారు.

బాలానగర్‌లో ఒక షెడ్డు యజమాని మా దగ్గరికి వస్తుండేవాడు. తండ్రి పెట్టిన షెడ్డు. పొలాలకు మందు కొట్టే డ్రోన్ల మోటార్లలో బిగించే ఒక చిన్న స్టీలు భాగం చేసేవాడు. పరాయి దేశం నుంచి పెద్ద ఆర్డరొచ్చింది. మేడం ఎప్పటిలాగే వస్తువు చూశారు, ఫోన్ చేశారు, పంటల గురించి అడిగారు. అవతలివాడు చక్కగా జవాబులు చెప్పాడు. దరఖాస్తు రాసింది నేనే. అనుమతి వచ్చింది. సరుకు వెళ్లింది. ఆయన మిఠాయి డబ్బా తెచ్చి అందరికీ పంచాడు.

మరుసటి ఏడు ఒక మధ్యాహ్నం ఆయన ముందుగా చెప్పకుండా వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "మేడం, జర ఇది చూడుండ్రి" అని ఫోన్ ఆమె ముందు పెట్టాడు. ఎక్కడో యుద్ధంలో పేలిపోయిన డ్రోన్ ముక్కలను ఎవరో నేల మీద పరిచి ఫొటో తీశారు. ఒక ముక్క మీద చిన్న గుర్తు.

"ఈ గుర్తు నీదేనా?"

"నాదే. మా నాయిన కాలం నుంచి గిదే కొడుతున్నం. మంచి మాల్ అని తెల్వాలె కదా అని."

మేడం ఆ ఫొటోను చాలాసేపు చూశారు. ముక్కల వెనక సగం కూలిన ఇల్లుంది. గోడకు ఒక అలమర, అందులో ఇంకా పడిపోని గిన్నెలు.

"వాళ్లకే ఇంకో లాట్ డబ్బాలల్ల ఉంది మేడం" అన్నాడాయన. "రేపు ఎయిర్‌పోర్టుకు పోవాలె. ఏం జెయ్యాలె?"

మా ఆఫీసులోని ఇంకో సీనియర్ న్యాయవాది వెంటనే అన్నారు: "అనుమతి ఉందండి. అడగాల్సినవన్నీ అడిగాం. ఇప్పుడు మనంతట మనం ప్రభుత్వం దగ్గరికి వెళ్లి చెప్పుకోవడం దేనికండి? లేనిపోని విచారణ." ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నేనూ లోలోపల అదే అనుకుంటున్నాను.

మేడం కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. "చూడు నాయనా. నీ వకీలుగా నేను చెప్పాల్సిన మాట ఆయన చెప్పేసినాడు. నువ్వు పోయి చెప్తే నిన్ను పిలుస్తారు, అడుగుతారు, పని ఆపేస్తారు. నీకు కష్టమే. అది తెలుసుకోని నిర్ణయం నువ్వే తీసుకో. ఏం చేసినా నేను నీ వెంటే ఉంటా."

"సరుకు ఆపితే షెడ్డు ఆగుతది మేడం. పనోళ్లున్నరు."

"ఆగుతాది."

ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. "ఆపుత" అన్నాడు. "ఇగ పంపలేను. పోయి చెప్త. ఆ గిన్నెలు కండ్లల్ల మెదులుతున్నయ్."

ఆ తర్వాత అనుమతులిచ్చే అధికారుల దగ్గరికి ఢిల్లీకి రెండు మూడుసార్లు వెళ్లాల్సి వచ్చింది. మేడం ప్రతిసారీ ఆయనతో వెళ్లారు. నన్నూ తీసుకెళ్లారు. తప్పేమీ లేకపోతే ఎందుకొచ్చారని ఒక అధికారి అనుమానంగా అడిగాడు. "తప్పు లేకపోయినా జరిగింది కాబట్టి" అన్నారామె. షెడ్డు యజమాని మీద కేసు పెట్టలేదు. ఆ కొనుగోలుదారుకు ఇకపై ఇక్కడి నుంచి ఏమీ వెళ్లకుండా ఆపారు. కానీ విచారణ నడిచిన కాలమంతా షెడ్డులో యంత్రాలు మూతపడి ఉన్నాయి. పనివాళ్లలో చాలామంది వేరే దారి చూసుకున్నారు. ఆయన ఇప్పుడు లిఫ్టులకు విడిభాగాలు చేస్తున్నాడు. ఆ మేడం దగ్గరికెళితే సర్కారు గడప తొక్కిస్తుందని పేరు పడి, మా దగ్గరికి వచ్చే కంపెనీలూ తగ్గాయి.

పోయిన నెల ఖాజాగూడలోని ఇంటికి ఆమెను చూడటానికి వెళ్లాను. బాగా చిక్కిపోయారు. ఆఫీసు సంగతులు చెబుతుంటే మధ్యలో ఆపారు.

"ఆ కూలిన ఇంట్లో ఎవరుండిరో తెలిసిందా పాపా?"

తెలియలేదన్నాను. ఆమె ఇన్నాళ్లుగా వెతుకుతూనే ఉన్నారట.

"మీరు సరైన పనే చేశారు కదా మేడం" అన్నాను.

"రెండో లాట్ సంగతి నువ్వు చెప్పేది. నాకు మొదటిది గుర్తొస్తాంది. ఆ కొన్నోడు పంటల గురించి ఎంత బాగా మాట్లాడె! మన కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి పాపా. అదే నన్ను తింటాంది."

ఆమె కాళ్ల మీద దుప్పటి సర్దాను. నాకు ఈ పని నేర్పిన మనిషి, ఈ పనికి ఎక్కడ హద్దుందో కూడా దాచకుండా చూపించి వెళ్లారు. అందుకు కృతజ్ఞత ఉంది. ఆ కృతజ్ఞతలో కొంచెం భయమూ ఉంది.

మేడం అంత్యక్రియల రోజు సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక అందరూ పిడికెడు మట్టి వేసి వెనక్కి తిరిగారు. బాలానగర్ ఆయన గేటు దగ్గర నా కోసం ఆగి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇసుంటప్పుడు అడగొద్దు గానీ, బయట దేశం నుంచి ఒక ఆర్డరొచ్చిందమ్మా. నీళ్ల పంపులకట" అంటూ ఫోన్‌లో డ్రాయింగ్ తెరిచి నా చేతికిచ్చాడు. ఎండకు తెర సరిగా కనిపించక అరచేయి అడ్డం పెట్టుకుని, వేళ్లతో ఆ బొమ్మను పెద్దది చేశాను. గుండ్రటి చిన్న భాగం. మధ్యలో ఒక రంధ్రం. ఇంకా పెద్దది చేశాను.