నీళ్లు పట్టుకోండి

మా తాత నాకు మొదట గుర్తొచ్చేది చెవిగానే. తెల్లవారుజామున, నేనింకా కలలో సగం ఉండగానే, చల్లటి చెవి ఒకటి నా ఛాతీ మీద ఆనేది. కాసేపు ఆగి పక్కనున్న అన్నయ్య మీదికి, ఆ తరువాత తమ్ముడి మీదికి వెళ్లేది. ముగ్గురి గుండెలూ విని, "అంతా పారుతోందే" అని నానమ్మకి చెప్పి, తాత డ్యూటీకి బయలుదేరేవాడు. నేను కళ్లు తెరిచేదాన్ని కాదు. తెరిస్తే రేపటినుంచి మానేస్తాడేమోనని నా భయం.

ఆయన ఉద్యోగమే వినడం. నీళ్ల ఆఫీసులో పని. రోడ్డు కింద పైపు ఎక్కడ పగిలిందో పైకి కనపడదు కదా. బళ్లు తిరగకముందే వెళ్లి, నిలువెత్తు ఇనుప కడ్డీని రోడ్డుకు ఆనించి, రెండో కొసకి చెవి పెట్టి వినాలి. తాత "ఇక్కడ తవ్వండి" అన్నాడంటే అక్కడ నీళ్లుండాల్సిందే. తవ్వే ముందు లైను కట్టేస్తారు. కట్టేసే ముందు తాత ఆ వీధిలో ప్రతి తలుపూ తట్టేవాడు. "నీళ్లు పట్టుకోండమ్మా, కాసేపట్లో కట్టేస్తారు." అది ఆయన పని కాదు, ఎవరూ చెయ్యమనలేదు. ఇంటికొచ్చేసరికి అన్నం చల్లారిపోయేది. నానమ్మ సణిగితే, "ముందే చెబితే ఎవరూ ఇబ్బంది పడరే" అనేవాడు.

నేను మూడో తరగతిలో ఉండగా చెవి రావడం మానేసింది. దాని బదులు అరచెయ్యి పెట్టి వెళ్లిపోతున్నాడు. నాకు ఒళ్లు మండింది. "నా గుండె చప్పుడు పాతబడిందా నీకు?" అని అడిగితే, నవ్వి తల నిమిరాడు. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయనకది తెలియనే లేదు, దాంతో ఇంకా మండింది.

అప్పుడే నానమ్మ రోజూ తాత వెంట వెళ్లడం మొదలుపెట్టింది. ఊరంతా నవ్వుకుంది. "ఈ వయసులో షికార్లేంటి మామ్మా" అని పాలవాడు ఆటపట్టిస్తే, "నీ పాలల్లో నీళ్ల సంగతి చూసుకోరా ముందు" అని నోరు మూయించేది.

అసలు సంగతేమిటంటే, తాతకి రెండు చెవులూ పోయాయి. కడ్డీకి చెవి పెట్టేది నానమ్మ. లీకుంటే తాత చెయ్యి గట్టిగా నొక్కేది. లేకపోతే అరచేతిలో వేలితో ఒక్కసారి తట్టేది. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. మేం ఏడుగురం ఉంటున్న క్వార్టరు ఆ ఉద్యోగంతోనే వచ్చింది, పోతే దాంతోనే పోతుంది. అందుకని ఇద్దరూ గుట్టుగా ఏడాది నెట్టుకొచ్చారు.

నానమ్మకి జ్వరమొచ్చిన రోజే ఆసుపత్రి లైను పగిలింది. తాత ఒక్కడే వెళ్లి, కడ్డీకి చెవి పెట్టి, ఏదో ఒక చోటు చూపించాడు. తవ్వితే పొడి మట్టి. ఇంకో చోటు చూపించాడు, అక్కడా అంతే. పురిటి గది నర్సు ఖాళీ బకెట్టుతో గేటు దగ్గర నిలబడి చూస్తోందట. అన్నం క్యారేజీ తెచ్చిన మా నాన్న, సంగతి గ్రహించి, ఇంకెక్కడో చూపించి గండం గట్టెక్కమని సైగ చేశాడట. తాత ఆ సైగ చూశాడు, నర్సునీ చూశాడు. కడ్డీ కింద పెట్టేశాడు.

"నాకు వినపడదు సార్, ఏడాదైంది" అన్నాడు ఇంజినీరుతో. "ముందే చెప్పాల్సింది. మా ఆవిణ్ణి పిలిపించండి, తను చెబుతుంది."

నానమ్మ దుప్పటి కప్పుకునే ఆటోలో వచ్చింది. పది అడుగుల అవతల తాత చెయ్యి నొక్కింది. అక్కడే నీళ్లు దొరికాయి.

నెల తిరక్కుండా ఉద్యోగం, క్వార్టరు రెండూ పోయాయి. రెండు గదుల అద్దె ఇంట్లో సర్దుకున్నాం. "ఊరికి నీళ్లిచ్చి మమ్మల్ని రోడ్డున పడేశాడు" అని నాన్న అందరితోనూ అనేవాడు. ఆ తరువాత ఎప్పుడూ తాతతో అవసరానికి మించి మాట్లాడలేదు. నేను మాత్రం, సిగ్గులేకుండా చెబుతున్నాను, లోలోపల సంతోషించాను. నా మీద ఇష్టం తగ్గి కాదు ఆయన చెవి పెట్టడం మానేసింది. కొత్త ఇంట్లో మొదటి తెల్లవారుజామున ఆయన చెయ్యి నా ఛాతీ మీదికి రాగానే, దాన్ని తిప్పి, లీకేమీ లేదన్నట్టు అరచేతిలో వేలితో ఒక్కసారి తట్టాను. ఆ రోజునుంచి మా ఇద్దరికీ అదే మాట.

చాలా ఏళ్లు గడిచాయి. నానమ్మ పోయింది. నాన్న అన్నయ్య దగ్గర, తాత నా దగ్గర ఉండేవారు. తాత మంచం పట్టాక ఒక మధ్యాహ్నం, కిటికీ ఎండ దుప్పటి మీద మెల్లగా జరుగుతుండగా, తన ఛాతీ చూపించి "వినవే" అన్నాడు. చెవి పెట్టాను. చప్పుడు వస్తోంది, ఆగుతోంది, ఎక్కడో దూరంనుంచి మళ్లీ వస్తోంది. లేచి, ఆయన అరచేతిలో వేలితో ఒక్కసారి తట్టాను.

తాత నా మొహంలోకి చూసి నవ్వాడు. "తప్పు చోటు చూపించావే. నేనూ అలాగే చూపించాను."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన చెయ్యి గట్టిగా నొక్కాను.

"అదీ. మరి మనవాళ్లకి చెప్పు. ముందే చెబితే పట్టుకుంటారు."

ఆ సాయంత్రమే వెళ్లి అన్నయ్య ఇంటి తలుపు తట్టాను. తీసింది నాన్నే. తాత గుండె సంగతి చెప్పగానే చెప్పులేసుకుని నా వెంట వచ్చాడు. మంచం పక్కన కూర్చుని, తాత ఛాతీ మీద చెవి ఆనించి, చాలాసేపు తల ఎత్తలేదు.