హిస్టరీ దొరికిన రోజు

ఆ కంప్యూటర్‌ని నేను కొట్టేదాన్ని. నలుగురి ముందు, సిగ్గు లేకుండా కొట్టేదాన్ని. బొగ్గుబావిలో పనిచేసే మా నాయన టీవీలో బొమ్మ ఎగిరితే దాని నెత్తిన ఒక్కటి చరిచేవాడు, బొమ్మ నిలబడేది. ఆ నమ్మకం నాకూ అంటుకుంది. మణుగూరు నుంచి చర్లకు కోడలిగా వచ్చి, బస్టాండు పక్కన నెట్ సెంటర్ పెట్టుకున్నాక, అరచేతితో మొదలుపెట్టి చెప్పు దాకా వెళ్లాను.

నా కోపానికి కారణం చెబుతాను. మా దగ్గర వేలిముద్ర పెట్టించే పనులన్నీ ఒకే ఒక్క బ్రౌజర్‌లో నడుస్తాయి. వేలు పెట్టే చిన్న పరికరం తన పేజీని తానే తెరుచుకుంటుంది. కంప్యూటర్‌లో ఏ బ్రౌజర్ డిఫాల్ట్‌గా ఉంటే అందులోనే తెరుస్తుంది, మనం చెయ్యి అడ్డం పెట్టడానికి లేదు. నేను నాకు కావలసినదాన్ని డిఫాల్ట్ చేసి షట్టర్ దించి పోతే, పొద్దున వచ్చేసరికి కంప్యూటర్ తనంతట తాను అప్‌డేట్ అయి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇంకో బ్రౌజర్‌ని ఆ కుర్చీలో కూర్చోబెట్టేది. అందులో తెల్ల పేజీ తప్ప ఏమీ రాదు. రోజూ ఇదే సవతి పోరు.

ఆ రోజు ముసురు పట్టి ఉంది. లైన్ రోడ్డు మీదికి వచ్చింది. ముందు కూర్చున్నది అడవి లోపలి గూడెం నుంచి వచ్చిన కోయ మనిషి. ఆయన కూతురికి భద్రాచలంలో హాస్టల్ బడిలో సీటు వచ్చింది. తండ్రి వేలిముద్ర పడితేనే సీటు ఖాయం, ఆ సాయంత్రంతో గడువు ఆఖరు. తల్లి లేని పిల్ల. సీటు పోతే మిరప చేలల్లో కూలికి పోవడమే.

"అక్కా, జల్దీ అయితదా? వాగు పొంగితే మళ్ల ఊరికి పోలేను."

"అయితదన్నా. వేలు గట్లనే పెట్టి ఉంచు."

తెల్ల పేజీ వచ్చింది. సెట్టింగుల్లోకి పోయి డిఫాల్ట్ మార్చాను, మళ్లీ తెల్ల పేజీ. ఆపి, మళ్లీ ఆన్ చేశాను. అదే తెలుపు. డబ్బా మీద రెండు పీకితే లైన్‌లో ఎవరో "దాన్ని సంపకు అక్కా, మా పని గూడ ఉన్నది" అన్నారు. ఇక లాభం లేదని, పరికరాలు బాగుచేసే కొత్తగూడెం టెక్నీషియన్‌కి ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేశాను. అతను నా కంప్యూటర్‌ని తన తెర మీద చూస్తూ కాసేపు గొణిగి, ఉన్నట్టుండి కేక వేశాడు.

"దొరికింది మేడమ్! హిస్టరీ దొరికింది! పాతది మొత్తం దీంట్లనే ఉన్నది. దీన్ని గిట్ల ఇడిసిపెట్టొద్దు!"

ఆ మనిషి బొటనవేలు ఇంకా ఎర్ర లైటు మీదే ఉంది.

మా వైపు హిస్టరీ అంటే బళ్లో చెప్పే పాఠం కాదు. బ్రౌజర్‌లోది అసలే కాదు. ఠాణాలో పేరెక్కడం. అడవిలో నక్సలైట్లను వెతికే క్యాంపు పోలీసులు గూడేనికి వచ్చి మగవాళ్లను వరసగా నిలబెట్టి "నీ హిస్టరీ ఏంది?" అని అడుగుతారు. నక్సలైట్లకు బియ్యం మూట మోశాడన్న అనుమానంతో ఈయన్ని ఒకసారి పొద్దంతా ఎండలో కూర్చోబెట్టారని నాకు తర్వాత తెలిసింది.

ఆయన వేలు లాక్కుని, స్టూలు తన్నేసి బయటికి ఉరికాడు.

లైన్‌లో ఒక క్యాంపు జవాను ఉన్నాడు. మామూలు బట్టల్లో, రైలు టికెట్ కోసం వచ్చాడు, ఎక్కడో ఉత్తరాది వాడు. ఉరికేవాణ్ని పట్టుకోవాలన్నదొక్కటే వాడికి నేర్పినట్టున్నారు. "రుకో!" అని అరిచి, నేను షట్టర్ దించే ఇనుప కొక్కెం అందుకుని వెంటపడ్డాడు. టీ బండి దగ్గర దొరకబుచ్చుకున్నాడు. మొదటి దెబ్బ మోకాలి వెనక పడింది. ఆయన బురదలో కూలి, రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. తర్వాతి దెబ్బలన్నీ ఆ చేతుల మీదే. ఇనుము ఎముకకు తగిలిన చప్పుడు లోపలున్న నాకు వినిపించింది. లైన్ లైనంతా నిలబడి చూసింది.

నేను కీబోర్డు వైరుతో సహా పీక్కుని ఉరికాను. ఆ సమయానికి చేతికి అదే దొరికింది. వెనక నుంచి వాడి మెడ మీద వేస్తే మీటలు ఊడి బురదలో చెల్లాచెదురయ్యాయి. వాడు తిరిగి మోచేత్తో నా మూతి మీద పొడిచాడు. నోరంతా ఉప్పగా అయింది. మళ్లీ కొట్టాను. ఇన్నాళ్లకు కొట్టాల్సినదాన్ని కొడుతున్నానన్న సంతోషం నిజంగానే కలిగింది.

టీ బండాయన మధ్యలో దూరి ఇద్దరినీ విడదీశాడు. కింద పడ్డాయన వైపు వంగి "ఎందుకు ఉరికినవ్ రా?" అన్నాడు.

"నా హిస్టరీ దొరికిందని ఫోన్ల చెప్పిండు గద. నేనేం చెయ్యలే సారూ. ఒక్క మూటనే మోసిన."

లైన్‌లో ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. వాళ్లను ఈ రోజుకీ క్షమించలేదు. "నవ్వినోని పండ్లు రాలగొడ్త" అన్నాను, రక్తం ఉమ్మి. టీ బండాయన జవానుకు హిందీలో సంగతి చెప్పాడు. వాడు కొక్కెం పారేశాడు గానీ అక్కణ్నుంచి పోలేదు.

దవాఖానాకు పోదాం పద అంటే ఆయన ఒప్పుకోలేదు. "ముందుగాల బిడ్డది చెయ్యి అక్కా" అన్నాడు. లోపల ఫోన్‌లో టెక్నీషియన్ ఇంకా "మేడమ్, ఉన్నరా?" అంటున్నాడు. జరిగింది చెప్పాను. తెల్ల పేజీకి కారణమైన, బ్రౌజర్‌లో పేరుకున్న పాత హిస్టరీ తుడిపించాడు. సెట్టింగుల అడుగున http, https అని లింకుల రకాలు రెండు వేరువేరుగా ఉంటాయని, రెండింటికీ విడిగా డిఫాల్ట్ మార్చాలని చెప్పాడు. కీబోర్డు లేదు కనుక అంతా మౌస్‌తోనే చేశాను. ఈసారి పేజీ నిండా అక్షరాలు వచ్చాయి.

కుడి బొటనవేలి గోరు లేచిపోయింది. పెట్టిస్తే సరిపోలేదంది. ఎడమ బొటనవేలు ఉబ్బి వంకాయ రంగుకు తిరిగింది, అదీ సరిపోలేదు. పరికరం అద్దం మీద రక్తాన్ని చున్నీతో తుడుస్తూ ఒక్కో వేలూ పట్టుకుని నొక్కాను. నేను నొక్కినప్పుడల్లా ఆయన పళ్లు కొరికాడు గానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మిగతా వేళ్ల కింద పడి దెబ్బ తప్పించుకున్న ఎడమ చిటికెన వేలును మాత్రం మెషీన్ ఒప్పుకుంది.

"అయిందన్నా. బిడ్డకు సీటు పడ్డది."

ఆయన కాగితం వైపు చూడలేదు. నా దగ్గరికి వంగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"గా హిస్టరీ పోయిందా అక్కా?"

"పోయింది. మొత్తం తీసేసిన."

అప్పుడు జవాను గుమ్మంలోకి వచ్చి ఫోన్ పైకెత్తాడు. బురద కొట్టుకుపోయిన ఆ ముఖాన్ని ఫొటో తీసి, వచ్చీరాని తెలుగులో పేరు, ఊరు అడిగాడు. ఆయన లేచి నిలబడి రెండూ చెప్పాడు.